కొండమీది ఎద్దులు, మోగే బండలు, మన మాట

ఈసారి పోస్టు పొడవుగానే ఉంటుంది. సగం ఇప్పుడు, సగం రాత్రి భోజనాలయ్యాక చదివినా ఫర్వాలేదు.

తెక్కలకోట కొండల ఫొటోలు మన గ్రూపులో ఎవరు పెట్టినా కింద రెండు రకాల మాటలు వస్తున్నాయి. "ఇవి మన బోయల తాతలు చెక్కినవి, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి" అనేది ఒకటి. "గొడ్లు కాసే పిల్లోళ్ళు పొద్దుపోక గీకినవి, వీటికింత రాద్ధాంతమా" అనేది రెండోది. మేము కొందరం కొంతకాలంగా దొరికిన పుస్తకాలు, తవ్వకాల నివేదికలు చదువుతూ, వీలైనప్పుడు కొండలెక్కుతూ ఉన్నాం. తెలిసినంత వరకు ఇక్కడ పెడుతున్నాం. మొదటి మాట అన్నవాళ్ళకు కొంచెం నిరాశ తప్పదు. రెండో మాట అన్నవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ.

బళ్ళారి నుంచి సిరుగుప్ప పోయే బస్సులో కిటికీ పక్కన కూచుంటే, వరి మడులు దాటాక ఎవరో గుండు మీద గుండు పేర్చినట్టుండే కొండలు కనబడతాయి. అవే తెక్కలకోట కొండలు. 1963-64లో పూనా దక్కన్ కాలేజీ తరఫున ఎం.ఎస్. నాగరాజరావు, కె.సి. మల్హోత్రా ఇక్కడ తవ్వకాలు చేశారు. నాగరాజరావుగారు తర్వాత భారత పురావస్తు శాఖకే డైరెక్టర్ జనరల్ అయ్యారు. మల్హోత్రాగారు మానవ శాస్త్రజ్ఞులు, ఎముకలు చదివే మనిషి. ఇద్దరూ కలిసి 1965లో తెచ్చిన పుస్తకం పేరు 'ది స్టోన్ ఏజ్ హిల్ డ్వెల్లర్స్ ఆఫ్ తెక్కలకోట'. పేరులోనే విషయం ఉంది. రాతియుగంలో ఇక్కడి జనం కింద మైదానంలో కాక కొండమీద గుండ్ల నడుమ కాపురాలు పెట్టారు.

అక్కడ బయటపడింది సుమారు క్రీ.పూ. 1700-1500 ప్రాంతపు ఊరు. గుండ్రటి గుడిసెలు. వీలున్నచోట పెద్ద గుండునే గోడగా వాడుకున్నారు, లేనిచోట గుంజలు పాతి, తడిక కట్టి, మట్టి మెత్తారు. నున్నగా అరగదీసిన రాతి గొడ్డళ్ళు, గింజలు నూరుకునే బండలు, చేత్తో చేసిన కుండలు, కొద్దిగా రాగి, బంగారపు చెవి ఆభరణం కూడా దొరికాయి. చనిపోయిన పసిబిడ్డలను కుండల్లో పెట్టి ఇళ్ళ మధ్యనే పూడ్చుకున్నారు. పెద్దవాళ్ళను నిడుపుగా పడుకోబెట్టారు. తినే తిండి కూడా మనకు కొత్తది కాదు. సంగనకల్లు, తెక్కలకోట లాంటి చోట్ల మట్టిని నీళ్ళలో కలిపి, పైకి తేలిన మాడిన గింజలను డోరియన్ ఫుల్లర్ బృందం పరీక్షించింది. ఆ కాలపు ఊళ్ళలో దొరికినవి ఉలవలు, పెసలు, అండుకొర్ర లాంటి చిరుధాన్యాలు. ఉలవచారు మనదే అని కోస్తావాళ్ళతో వాదించే తమ్ముళ్ళు ఈ సంగతి దాచుకోండి, పనికొస్తుంది.

ఇక బొమ్మలు. తెక్కలకోట గుండ్ల మీద ఎద్దులున్నాయి. కొన్ని రంగుతో వేసినవి, కొన్ని రాతితో రాతిని పొడిచి చేసినవి. అయితే ఈ బొమ్మలను అర్థం చేసుకోవాలంటే తెక్కలకోట ఒక్కటే చాలదు. ఇదే జనం, ఇదే కాలం, ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ బొమ్మలు ఉన్న ఇంకో కొండ బళ్ళారి పక్కనే ఉంది. కప్పగల్లు దగ్గర హిరేగుడ్డ. తెలుగులో చెప్పుకుంటే పెద్దకొండ.

ఆ కొండంతా మామూలు తెల్లబండే, అంటే గ్రానైట్. కానీ దాన్ని చీల్చుకుంటూ నల్లరాయి చారొకటి అడ్డంగా పోతుంది. భూగర్భ శాస్త్రంలో దాన్ని డోలరైట్ డైక్ అంటారు. బొమ్మలు ఎక్కువగా ఆ నల్లరాతి మీదే. ఎండకు వానకు ఆ రాయి పైపొర నల్లబడి ఉంటుంది. చిన్న రాయితో పొడుస్తూ పోతే పైపొర రాలి లోపలి లేత రంగు బయటపడుతుంది. మన ఇళ్ళలో రోళ్ళకు గాట్లు పెట్టించడం చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఉలి లేదు, ఇనుము లేదు, రాతిని రాతితో కొట్టడమే. కొత్తగా పొడిచినప్పుడు బొమ్మ తెల్లగా మెరుస్తుంది. వందల వేల ఏళ్ళు గడిచేకొద్దీ అది కూడా నల్లబడుతూ చుట్టూ ఉన్న బండలో కలిసిపోతుంది. అందుకే ఒకే బండ మీద కొన్ని బొమ్మలు స్పష్టంగా, కొన్ని పొద్దు వాలినప్పుడు మాత్రమే కనబడతాయి. అన్నీ ఒక్క కాలానివి కావు. బాగా పాతవి నవీన శిలాయుగపువని, కొన్ని ఆ తర్వాత ఇనుప యుగానివని, కొన్ని మరీ ఇటీవలివని పండితులు తేల్చారు. కాబట్టి "కొండ మీది బొమ్మలన్నీ ఇన్ని వేల ఏళ్ళవి" అనే ఫార్వర్డు మెసేజిని ఇకమీదట ముందుకు పంపకండి.

ఈ బొమ్మలు 1892లోనే దొరల కంట పడ్డాయి. ఫాసెట్ అనే పోలీసు అధికారి వాటి మీద వ్యాసం రాశాడు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అప్పటికే ఈ సీమంతా గొడ్డళ్ళు ఏరుతూ తిరుగుతున్నాడు. ఆయన పేరుమీదే ఇప్పుడు బళ్ళారిలో మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. తర్వాత చాలాకాలం పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2000 తర్వాత రవి కొరిసెట్టరు, నికోల్ బోయివిన్, ఫుల్లర్ కలిసి సంగనకల్లు-కప్పగల్లు ప్రాంతంలో పెద్ద పరిశోధన పెట్టారు. 2004లో బోయివిన్ రాసిన వ్యాసం వల్ల ఈ కొండ పేరు లండను దాకా వినబడింది.

ఆ వ్యాసంలో మమ్మల్ని పట్టి ఆపినవి మూడు నాలుగు సంగతులు. ఎద్దు ఒక్కటే మళ్ళీ మళ్ళీ వస్తుంది. పొడుగాటి కొమ్ములు, మూపురం, సన్నటి నడుము. అక్కడక్కడ మనుషులు, కొన్నిచోట్ల స్త్రీపురుషుల జంటలు కూడా ఉన్నాయి. కానీ మంద మందే. ఒక్కడు కూర్చుని ఒక్కరోజులో తీరిగ్గా వేసిన చిత్రం కాదిది, తరాల తరబడి వచ్చినవాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఒక ఎద్దును చేర్చిపోయినట్టుంది. పైగా కొన్ని బొమ్మలు మనిషి నిలబడటానికి చోటే లేని చోట ఉన్నాయి. తాడు పట్టుకుని వేలాడో, ఇంకొకరు కాళ్ళు పట్టుకుంటే వంగో పొడవాలి. పొద్దుపోక గీకేవాడు అంత తిప్పలు పడడు కదా.

అన్నిటికంటే పెద్ద సంగతి శబ్దం. అక్కడి నల్లరాతి గుండ్లలో కొన్నిటి మీద అరచేతిలో పట్టేంత నున్నటి గుంటలున్నాయి. ఆ గుంటలో గులకరాయితో తట్టితే బండ మోగుతుంది. బండ మీద రాయి పడితే వచ్చే 'టక్' మాదిరిగా ఉండదు, గుడిగంట కొట్టినట్టు, కంచు పళ్ళెం మీద దెబ్బపడినట్టు సాగుతుంది. ఊళ్ళోవాళ్ళు తట్టి చూపిస్తారు. ఆ గుంటలు దానంతటవే పడినవి కావు, అదే చోట కొట్టి కొట్టి అరిగినవి. అంటే జనం ఇక్కడికి బొమ్మలు పొడవడానికే కాక బండను మోగించడానికి కూడా వచ్చేవారన్నమాట. ఆలోచించండి, ఎద్దును పొడవడం అంటేనే నల్లరాతి మీద వందల దెబ్బలు. కొండమీద నలుగురు పొడుస్తుంటే కింద ఊరికి ఏం వినబడి ఉంటుంది? బొమ్మ పూర్తయ్యాక చూసేవాళ్ళకంటే, పొడుస్తున్నప్పుడు విన్నవాళ్ళే ఎక్కువమంది ఉండి ఉండవచ్చు. దీన్ని చదివాక మాకు ఆ బొమ్మలను చూసే తీరే మారిపోయింది. ఇన్నాళ్ళూ వాటిని గోడకు తగిలించిన పటాల మాదిరి చూస్తున్నాం. అసలు పని ఆ కొట్టడంలో ఉందేమో. చుక్కల ముగ్గు వేసే అమ్మను అడగండి, సాయంత్రానికి చెరిగిపోతుందని తెలిసీ ఎందుకు వేస్తున్నావని. ముగ్గు ఉండటం కంటే వేయడం ముఖ్యం ఆమెకు.

రాతిని మోగించే ఈ అలవాటు ఇక్కడితో ఆగలేదు. తుంగభద్రకు అవతల గంగావతి దగ్గర హిరేబెణకల్ ఉంది కదా, రాతిపలకలతో కట్టిన వందల సమాధి గుళ్ళు ఉన్న కొండ. అవి ఈ ఎద్దుల తర్వాతి కాలానివి. అక్కడా ఎత్తైన గుండు మీద నగారా ఆకారంలో పెద్ద రాయి ఒకటి ఉంది. కొడితే దూరానికి వినబడుతుంది.

ఇంకో ముఖ్యమైన ముక్క. హిరేగుడ్డ మీదే రాతి గొడ్డళ్ళ కార్ఖానా ఉండేది. ఆ నల్లరాతి చారు నుంచే చెక్కలు కొట్టి గొడ్డళ్ళు తయారుచేసి చుట్టుపక్కల ఊళ్ళకు పంపారు. గొడ్డలికి పనికొచ్చే రాయి, గంటలా మోగే రాయి, ఎద్దును నిలబెట్టుకునే రాయి ఒక్కటే. ఆ రాయంటే వాళ్ళకు మామూలు రాయి కాదని చెప్పడానికి వేరే శాసనం అక్కర్లేదు.

సరే, ఎద్దు ఎందుకు? దీనికి కొండ దిగి బూడిద దిబ్బల దగ్గరికి పోవాలి. కుడతిని దాటేటప్పుడు చూసే ఉంటారు. మన పెద్దవాళ్ళు రాక్షసుల బూడిద అన్నారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటు అంటారు. కుడతిని దిబ్బ గురించి న్యూబోల్డు అనే సైనికాధికారి 1840లలోనే రాశాడు. అది గొడ్ల పేడ కాలిన బూడిద అని బ్రూస్ ఫుట్ గట్టిగా చెప్పాడు. 1960 ప్రాంతంలో జాయినర్ అనే శాస్త్రవేత్త పరీక్ష చేసి అదే ఖాయం చేశాడు. 1957లో ఆల్చిన్ దొర పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు కాదు) దిబ్బను తవ్వితే దొడ్డి చుట్టూ పాతిన మొద్దుల గుర్తులు, నేల మీద గొడ్ల డెక్కల ముద్రలు బయటపడ్డాయి. దొడ్డిలో పేడ పేరుకోవడం, దాన్ని నిప్పుపెట్టి కాల్చడం, మళ్ళీ పేరుకోవడం, మళ్ళీ కాల్చడం. ఆ మంట ఎంత పెద్దదంటే పేడ కరిగి చిట్టెం కట్టింది. అనంతపురం జిల్లా పాలవాయిలో తిరుపతి విశ్వవిద్యాలయం నుంచి వి. రామిరెడ్డిగారు ఇలాంటి దిబ్బనే పరిశోధించారు. మూడు చోట్లూ ఇప్పుడు మూడు రాష్ట్రాలు. అప్పుడు ఒకటే మేత బయలు.

ఎరువుగా పొలంలో వేసుకోవాల్సిన పేడను అంత కుప్పపోసి ఎందుకు కాల్చారు? ఏడాదికొకసారి పండుగ మంటలు వేసి, వాటి గుండా గొడ్లను తోలి ఉంటారని ఆల్చిన్ ఊహ. ఆయన దీనికి సంక్రాంతి, హోలీ మంటలను పోల్చి చూపాడు. తర్వాత బుదిహాళ్‌లో తవ్విన కట్రగడ్డ పద్దయ్యగారు దిబ్బ పక్కనే ఇళ్ళు, మాంసం కోసిన చోటు బయటపెట్టి, అవి ఊళ్ళలో భాగమేనని, చుట్టుపక్కల జనమంతా కూడే చోట్లని చూపారు. పండితుల మధ్య తేడాలున్నా ఒక సంగతిలో అందరూ ఒకటే. ఆ జనానికి గొడ్డు పాలూ మాంసమూ మాత్రమే కాదు. సంపద, మర్యాద, కూడిక, మొక్కు అన్నీ దాని చుట్టూనే తిరిగాయి. కింద దొడ్డిలో మంట, పైన బండ మీద ఎద్దు, మోత. ఇవి ఒకే నమ్మకానికి రెండు చివరలు కావచ్చని మాకు అనిపిస్తోంది. అనిపిస్తోంది అనే అంటున్నాం.

ఎందుకు ఇంత జంకుతున్నామంటే, రాతి బొమ్మకు అర్థం చెప్పబోయి బోర్లాపడిన పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. మన తెలుగు నేల మీదే జరిగిన కథ ఒకటి. గోదావరి లోయలో, నేటి ములుగు జిల్లా కాటాపురం చుట్టుపక్కల అడవిలో, పాత రాతి సమాధుల పక్కన శిలువ ఆకారపు నిలువురాళ్ళున్నాయని 1860లలో మల్హెరన్ అనే అధికారి రాశాడు. లండన్‌లో కూర్చున్న జేమ్స్ ఫెర్గుసన్, భవన నిర్మాణ చరిత్రలో అంతటి పండితుడు, 1872లో తన పుస్తకంలో అవి క్రైస్తవుల శిలువలేనని, కాబట్టి ఆ సమాధులు కూడా అంత పాతవి కావని తేల్చేశాడు. నిజానికి అవి మనుషులు. ఒకే పలకను పైన తలకోసం, పక్కల చేతులకోసం వదిలి చెక్కితే దూరానికి శిలువలాగే కనబడుతుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావుగారు ఆ అడవుల్లో తిరిగి, గలభ, దొంగతోగు లాంటి చోట్ల ఆడ మగ ఆకారాలను గుర్తుపట్టి నమోదు చేశారు. ఫెర్గుసన్ చెడ్డవాడేం కాదు, తనకు తెలిసిన గుర్తునే రాతిలో చూశాడు. మనకు తెలిసిన గుర్తును మనం చూడటం లేదా మరి? ఎద్దు కనబడగానే బసవన్న అంటాం, నంది అంటాం. ఆ ఎద్దులను పొడిచిన వెయ్యేళ్ళకు పైగా తర్వాత గాని మనకు తెలిసిన నంది రాతిలోకి రాలేదు.

మన జిల్లాలోనూ ఇలాంటి మనిషిరాళ్ళున్నాయి. కూడ్లిగి తాలూకా కుమతి దగ్గర (ఇప్పుడు విజయనగర జిల్లా) పలకరాళ్ళను తల, భుజాలు తెలిసేట్టు చెక్కి నిలబెట్టారు. కన్ను లేదు, ముక్కు లేదు, నోరు లేదు. ఇవి ఇనుప యుగపువి, ఎద్దుల తర్వాతి కాలానివి. తమిళనాడులో మోట్టూరు దగ్గరా ఇట్లాంటిదే ఉంది. చనిపోయిన పెద్దకు నిలబెట్టిన రాయా, సమాధులకు కాపలా ఉన్న తల్లా అని వాదన నడుస్తూనే ఉంది. ముఖం చెక్కడం చేతకాక వదిలేశారని మేము నమ్మం. అంత బరువు పలకను తెచ్చి నిలబెట్టగలిగిన చేతులకు రెండు కళ్ళు గాటు పెట్టడం ఎంతపని? ముఖం పెడితే ఒక మనిషి అవుతాడు. పెట్టకపోతే ఆ వంశంలో పోయిన పెద్దలందరూ అవుతారు. ఇది మా ఊహ మాత్రమే.

ప్రపంచంలో ఇంకోచోట మాత్రం, రాతి బొమ్మలు చేసిన జనం బతికి ఉండగానే వాళ్ళను అడిగి రాసుకున్న మనిషి ఒకడున్నాడు. 1490లలో కొలంబస్ కరీబియన్ దీవుల్లోని తైనో జనం నమ్మకాలను తెలుసుకుని రాయమని రమోన్ పనే అనే సన్యాసిని పురమాయించాడు. తైనోలు రాతితో, చెక్కతో సెమీలనే దేవతా రూపాలు చేసుకునేవారు. ఏ సెమీ దేనికి, ఏది వానకు, ఏది పంటకు అని పనే విన్నంత రాశాడు. మూడు మొనల రాతి సెమీలు కొన్ని పంట బాగా రావడానికని. ఆయనే ఒక ఘోరం కూడా రాశాడు. క్రైస్తవ విగ్రహాలను కొందరు తైనోలు పొలంలో పూడ్చి, మీద మూత్రం పోసి, ఇక నీ పంట బాగా పండుతుంది అన్నారట. స్పెయిన్ వాళ్ళు అది అపచారమని వాళ్ళను సజీవంగా కాల్చేశారు. ఇవాళ్టి పండితుల్లో చాలామంది, కొత్త దేవుడిని వాళ్ళు తమ సెమీ మాదిరిగానే పొలానికి బలం ఇవ్వమని పూడ్చి ఉంటారని అంటున్నారు. ఒకే పని. చేసినవాడికి మొక్కు, చూసినవాడికి తిట్టు. పక్కన నిలబడి చూసినవాళ్ళే అంత తప్పుగా చదివినప్పుడు, మూడున్నర వేల ఏళ్ళ తర్వాత బండ ముందు నిలబడిన మనం నెమ్మదిగా మాట్లాడటం మంచిది.

ఇక అందరూ ఎదురుచూస్తున్న ప్రశ్న. మనవాళ్ళేనా?

తెక్కలకోట తవ్వకాల తర్వాత 1965లోనే నాగరాజరావుగారు 'ఆంత్రోపోస్' పత్రికలో ఒక వ్యాసం వేశారు. తెక్కలకోట బోయల్లో నవీన శిలాయుగపు లక్షణాలు కొన్ని మిగిలి ఉన్నాయన్నది దాని శీర్షిక. తవ్వితే నేలలో గుంజల గుంతలు, మాడిన మట్టి మెత్తు మాత్రమే దొరుకుతాయి. పైకప్పు ఎలా ఉండేది, తడిక ఎలా కట్టేవారు అన్నది మట్టి చెప్పదు. అది తెలుసుకోవడానికి ఆయన ఊళ్ళో మన గుడిసెలను చూశారు. అంటే చరిత్ర పుస్తకంలో ఆ ఊరు లేచి నిలబడటానికి మన తాతల పనితనం కూడా ఆసరా అయింది. ఇది చిన్న గౌరవం కాదు. దీన్ని పిల్లలకు చెప్పాలి.

అయితే గుడిసె ఒకేలా ఉన్నంత మాత్రాన నెత్తురు ఒకటే అని తేలదు. అదే కొండ, అదే గడ్డి, అదే ఎండ అయితే ఏ కులం వాడైనా అలాంటి గుడిసే వేస్తాడు. మూడున్నర వేల ఏళ్ళలో ఈ సీమలోకి ఎందరు వచ్చారో, ఎందరు పోయారో! ఇంకోవైపు, సంబంధమే లేదని కొట్టిపారేయడమూ తొందరే. థర్‌స్టన్ 1909లో మన వాళ్ళలో ఊరు బోయలు, మ్యాస బోయలు అని రెండు శాఖలు రాశాడు. మ్యాసవాళ్ళలో దేవర ఎద్దుల మందలున్నాయి. కూడ్లిగి, మొళకాల్మూరు, చెళ్ళకెర వైపు వెళ్తే ఇప్పటికీ కనబడతాయి. ఆ ఎద్దులను అరక కట్టరు, అమ్మరు. వాటిని కాచే కిలారికి ఊళ్ళో ఒక మర్యాద. పండుగకు మందను తోలుకొస్తే జనం చూసే చూపు, ఆ పరుగు, ఆ అరుపులు చూసినవాళ్ళకు హిరేగుడ్డ బండ మీది మంద కొత్తగా అనిపించదు. ఇది వంశం రుజువు చేయదు. ఎద్దును ఎద్దుగా కాక దేవుడి సొత్తుగా చూడటం ఈ నేలకు పాత అలవాటని మాత్రం చెబుతుంది. అడవిగొల్లలకూ ఇలాంటి మందలున్నాయి, మనకొక్కరికే కాదు.

ఈ మాట ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 1953 అక్టోబరు 1న గీత గీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, సిరుగుప్ప, బళ్ళారి మైసూరుకు వచ్చాయి. ఆ గీత మన ఇళ్ళ మధ్య నుంచి పోయింది. ఇటు నాయక, బేడ, వాల్మీకి పేరుతో మనం ఎస్టీ. అటు మైదానంలోని మన మేనమామ పిల్లలు బీసీ. అటువాళ్ళ అర్జీల్లో ఈ మధ్య ఈ కొండ బొమ్మల ఫొటోలు జోడించాలన్న సలహా వస్తోంది. మా అభిప్రాయం, వద్దు. వాళ్ళ డిమాండు న్యాయమైనదే. దానికి ఆధారం వాళ్ళ ఇప్పటి బతుకు, భూమి లేకపోవడం, చదువు, ఇంటిపేర్లు, ఇటువైపు ఉన్న అన్నదమ్ములు. వీటిని ఎవరూ కాదనలేరు. రాతియుగం ఎద్దును తెచ్చి పక్కన పెడితే, ఏ అధికారి అయినా ముందు ఆ ఎద్దును కొట్టేస్తాడు, దానితోపాటు మిగతా కాగితాన్నీ పక్కన పెడతాడు.

ఎద్దుకు మన అవసరం వేరేచోట ఉంది. గ్రానైటు, కంకర కోసం ఈ సీమలో కొండలు ఎలా కరిగిపోతున్నాయో మీకు చెప్పనక్కర్లేదు. హిరేగుడ్డ మీద కూడా క్వారీ తవ్వకం బొమ్మల దాకా వచ్చిందని పరిశోధకులే రాశారు. రాతియుగంలోనూ ఆ కొండ క్వారీయే. వాళ్ళు వందల ఏళ్ళు గొడ్డళ్ళు కొట్టుకున్నా ఆ నల్లచారు నిలిచే ఉంది. కంప్రెసరు, మందుగుండు వచ్చాక ఒక వేసవి చాలు. "ముఖ్యమైన బండలు తీసి మ్యూజియంలో పెడితే సరిపోదా" అని మనలోనే ఒకరు అడిగారు. మోగే బండను దాని ఆనిక మీద నుంచి కదిలించి సిమెంటు గచ్చు మీద పెడితే మోగకపోవచ్చు. వేలాడుతూ పొడిచిన ఎద్దును తెచ్చి కంటి ఎత్తున గోడకు పెడితే, దాన్ని పొడవడం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. ఏ బండ ఎక్కడుంది, ఎటు చూస్తోంది, పక్కన ఏముంది అన్నదే ఇప్పటివరకు మనకు అర్థమైన కాస్తకీ ఆధారం.

చట్టం ఉంది. 1958 కేంద్ర చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ప్రకారం, రక్షిత ప్రదేశం చుట్టూ 100 మీటర్లలో తవ్వకం, నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. కానీ అది జాతీయ ప్రాముఖ్యం ఉన్నదని కేంద్రం ప్రకటించిన చోట్లకు మాత్రమే. ప్రకటించని గుండు, రెవెన్యూ లెక్కలో రాతి గుట్టే.

మన చేతుల్లో ఉన్న పని: తెక్కలకోట చుట్టూ బొమ్మలున్న ప్రతి బండనూ, సర్వే నంబరు, ఫోన్‌లో వచ్చే అక్షాంశ రేఖాంశాలు, నాలుగు వైపుల ఫొటోలతో రాసిపెట్టడం. ఆ పట్టికను తాలూకా ఆఫీసుకు, పురావస్తు శాఖకు, గనుల శాఖకు మూడు కాపీలుగా ఇచ్చి రసీదు తీసుకోవడం. నాలుగైదు ఆదివారాలు పట్టొచ్చు. ఊళ్ళో గొర్రెలు కాసే పెద్దాయనలకు మనకంటే ఎక్కువ బండలు తెలుసు, వాళ్ళను కూర్చోబెట్టుకుని మొదలుపెడదాం. నిధులున్నాయని సమాధులు తవ్వేవాళ్ళు మన ఫొటోలు పట్టుకుని వెనకే రావచ్చు. కాబట్టి కచ్చితమైన చోటు గ్రూపులో పెట్టొద్దు, పట్టికలోనే ఉండాలి.

వచ్చేవాళ్ళకు నాలుగు జాగ్రత్తలు. పొద్దున ఏడుకల్లా కొండ దగ్గర ఉండాలి, ఏటవాలు వెలుతురులోనే పాత బొమ్మలు తేలతాయి, తొమ్మిది దాటితే బండంతా ఒకటే రంగు. నీళ్ళు, టోపీ, జారని చెప్పులు. పసుపు కుంకాలు ఇంట్లో వదిలి రండి, భక్తితో పూసినా అది రాతిలోకి దిగి పైపొరను పాడుచేస్తుంది. ఫొటోలో బాగా పడాలని సుద్దముక్కతో బొమ్మ చుట్టూ గీయడం అలవాటున్న తమ్ముళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళ జేబులు కింద బస్టాండులోనే చూస్తాం.